జీడిగుర్తులు

నవంబరు 28, 1977. సోమవారం

ఏప్రిల్ తర్వాత ఈ డైరీ తెరవడం ఇదే. పాపని చర్చి వెనక సమాధుల తోటలో పెట్టి వచ్చిన రోజుతో రాత ఆగిపోయింది. ఆ పేజీ చదవకుండా తిప్పేసి ఇక్కడ మొదలుపెడుతున్నాను.

దివిసీమ నుంచి మా మిషను హాస్టలుకి మనుషులు వచ్చారు. ఉప్పెన వచ్చిందని తెలియగానే మా చర్చి వాళ్ళు రెండు లారీల్లో బియ్యం, పాత బట్టలు వేసుకుని వెళ్ళారు. ఖాళీగా తిరిగి రావడానికి మనసొప్పక, నిలువనీడ లేని వాళ్ళని ఎక్కించుకుని వచ్చారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఉన్నారు కానీ పిల్లలే ఎక్కువ. హాస్టలు పిల్లల్ని ఇళ్ళకి పంపేసి గదుల్లో గడ్డి పరిచారు. ఇప్పుడు ఊళ్ళో అందరూ దాన్ని క్యాంపు అంటున్నారు.

పాస్టరు ప్రభుదాసు అయ్యగారు నన్ను పిలిపించారు. మధ్యాహ్నం గంజి తాగాక పిల్లలు గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నారట. డ్రాయింగు టీచరుని కదా, వాళ్ళ చేత ఏమైనా చేయించగలనా అని అడిగారు. చేయిస్తానన్నాను. నిజానికి నాకే చేతులు ఆడటం లేదు. స్కూల్లో బోర్డు మీద ఒక బిందె, ఒక గ్లాసు వేసి, గంట కొట్టగానే ఇంటికి వచ్చి పడుకుంటున్న మనిషిని.

నవంబరు 30

మొదటి రోజు గడిచింది. టాకీసు వాళ్ళు పాత సినిమా కరపత్రాల కట్టలు ఇచ్చారు. ఒకవైపు తెల్లగా ఉంటాయి. బొగ్గులు హాస్టలు వార్డెను హన్నమ్మగారి పొయ్యిలోవి. పసుపు, ఇటుక పొడి, చిక్కుడాకు పసరు, నీలానికి బట్టలకి వేసే నీలిమందు. ఈతపుల్లల చివర నలగ్గొట్టి కుంచెలు చేశాను. జిగురు కోసం తుమ్మబంక నానబెట్టాను.

మీకు ఏది ఇష్టమైతే అది వెయ్యండి అన్నాను. సముద్రం వేస్తారేమో, వేసి ఏడుస్తారేమో, నేనేం చేయాలి అని ముందు రోజంతా భయపడ్డాను. ఒక్కరూ వేయలేదు. సగం మంది గంజి గుండిగ వేశారు. మిగిలిన సగం మంది లారీ వేశారు. ఒకడు లారీకి ఒకే పక్కన ఎనిమిది చక్రాలు పెట్టాడు. ఎందుకురా ఇన్ని అంటే, బురదలో దిగబడకుండా అండి అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆయనకి చెబుతూ మళ్ళీ నవ్వాను. ఆయన టికెట్ల పెట్టె కింద పెట్టి నా ముఖం చూసి, ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పాను.

డిసెంబరు 2

ఒక పిల్ల ఉంది. ఆరేళ్ళో ఏడేళ్ళో ఉంటాయి. మాట్లాడదు. నీళ్ళు వెనక్కి తీసిన తర్వాత తుమ్మచెట్టు మీద కనిపిస్తే ఎవరో దింపి లారీ ఎక్కించారట. ఏ ఊరో, ఎవరి పిల్లో ఎక్కించినవాళ్ళకీ తెలియదు. కూడా వచ్చిన వాళ్ళందరూ తమ ఊరి పిల్ల కాదంటున్నారు.

బొమ్మలు వేయదు. కాగితం నిండా చిన్న చిన్న గుర్తులు పెడుతుంది. మూడు చుక్కలు, పక్కన ఒక గీత. కొక్కెంలాంటి వంకర. రెండు గీతల మధ్య ఒక చుక్క. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఎంతో జాగ్రత్తగా, ఒకటి వేసింది మళ్ళీ వేయకుండా వేస్తుంది. నేను చేయి పట్టుకుని ఒక ఇల్లు వేయించాను. కాదనలేదు. అంతా అయ్యాక ఆ ఇంటి కిందా మూడు చుక్కలు పెట్టింది. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని వదిలేశాను.

డిసెంబరు 4, ఆదివారం

ఆ పిల్ల వేసే గుర్తుల్లో శిలువ ఉంది.

నిన్న సరిగా చూడలేదు. ఈ రోజు కరపత్రం ఎండలో పెట్టి చూశాను. నిలువు గీత, అడ్డ గీత, కింద ఒక చుక్క. శిలువే. అడ్డ గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అయ్యగారికి చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మన పిల్లేనంటారా అని అడిగారు. కాకపోతే శిలువ ఎక్కడిదండీ అన్నాను. మెడలో నల్లతాడు ఉందని హన్నమ్మగారు అన్నారు. నల్లతాడు మా వాళ్ళూ కడతారు. మా అమ్మ నాకు కట్టింది.

పేరు లేకుండా పిల్లని ఎంతకాలం పిలుస్తాం? అందుకని ఎస్తేరు అంటున్నాను. పిలవడానికి. అంతే.

డిసెంబరు 7

ఎస్తేరు మా ఇంట్లో అన్నం తింటోంది. గంజి పడక కడుపు నొప్పి వస్తోందని హన్నమ్మగారిని అడిగి తీసుకొచ్చాను. నొప్పి తగ్గింది. అయినా కొన్నాళ్ళు చూడాలి కదా. పప్పులో నెయ్యి ఎక్కువైతే ఇష్టం. చింతకాయ పచ్చడి పెడితే ముందు వాసన చూస్తుంది. క్లాసులో నీలిమందు కలిపే పని తనదే. గుడ్డలో మూట కట్టి నీళ్ళలో ఆడిస్తుంది, ఒక్క పలుకు మిగలదు. నాకు ఎప్పుడూ గడ్డలు కట్టేది.

నాకు ఆశేమీ లేదు. అవసరంలో ఉన్న పిల్లకి అన్నం పెట్టడం క్రైస్తవుల పని.

డిసెంబరు 9

రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగారు.

"ఎస్తేరని ఎవరు పెట్టారు?"

నేను మజ్జిగ కలుపుతున్నాను.

"ఆ పేరు మన పాపది కదా మణీ" అన్నారు.

మజ్జిగలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేశాను. ఆయన ఆ ఉప్పు మజ్జిగే తాగి లేచారు. అందరితో గలగలలాడే మనిషి. బస్సులో బాలశౌరి కండక్టరైతే ప్రయాణం తెలియదంటారు. ఇంట్లో ఆ ఒక్క మాట అని ఊరుకున్నారు.

డిసెంబరు 11, ఆదివారం

క్రిస్మస్‌కి ఎస్తేరుకి బాప్తిస్మం. అయ్యగారు ఒప్పుకున్నారు. ఇంతవరకూ ఎవరూ రాలేదు, ఇకముందు వచ్చే సూచన లేదు, పిల్ల మీ ఇంట్లోనే ఉండనివ్వండి, సర్కారు కాగితాలు తర్వాత చూసుకుందాం అన్నారు. మా ఆయన రోమను కేథలిక్కు. మీ వాళ్ళు బాప్తిస్మం అంటారు, మా అమ్మ మేరమ్మ జ్ఞానస్నానం అంటుంది, ఏ నీళ్ళైనా పిల్ల తల తడవడమేగా అని నవ్వించారు. ఆయన కూడా మెత్తబడ్డారు. నిన్న ఆ పిల్లకి జేబులోంచి పాత టికెట్లు తీసి ఆడుకోమని ఇచ్చారు.

ప్రభువా, నేను నోరు తెరిచి అడగలేదు. నువ్వే పంపావు. స్తోత్రం.

డిసెంబరు 14

ఆయన ఖాకీ చొక్కాకి కాలరు బొత్తాం ఊడితే కుట్టాను. ఇంకేమీ విశేషం లేదు.

డిసెంబరు 15

బొత్తాం గట్టిగానే ఉంది. మళ్ళీ చూశాను.

డిసెంబరు 16

లోకంలో గీతలకీ చుక్కలకీ కరువా? ఎక్కడ చూసినా ఉంటాయి. గోడల మీద ఉంటాయి, బస్తాల మీద ఉంటాయి. చొక్కాల మీదా ఉంటాయి. వాటినిబట్టి ఒకటి అనుకోవడం తెలివితక్కువ. శిలువ మాత్రం శిలువే.

క్లాసుకి తలనొప్పిగా ఉందని వెళ్ళలేదు. పిల్లలు వచ్చి వరండాలో కూర్చుని, నేను రాలేదని వాళ్ళే బొమ్మలు వేసుకుని, కాగితాలు ఆరబెట్టి, రంగుల చిప్పలు కడిగి పెట్టి వెళ్ళారట. హన్నమ్మగారు చెబితే సిగ్గేసింది.

డిసెంబరు 17, శనివారం

రాయక తప్పదు.

బాప్తిస్మానికి తెల్ల గౌను కుట్టించాలని ఎస్తేరుని బజారుకి తీసుకెళ్ళాను. బోసు సెంటరు దాటి లాండ్రీ ముందుకి రాగానే చేయి వదిలించుకుంది. లోపల ఉతికిన బట్టల మూటలు విప్పి కుప్ప పోశారు. తిన్నగా వెళ్ళి ఆ కుప్ప ముందు కూర్చుంది. ఒక చొక్కా తీసి కాలరు తిరగేసి చూసి ఎడమ పక్కన పెట్టింది. ఒక పంచె కొస చూసి కుడి పక్కన పెట్టింది. ఇంకో చొక్కా తీసి మొదటి చొక్కా మీద వేసింది. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటివి వేరు చేస్తోంది. లాండ్రీ అతను కోప్పడబోయి ఆగిపోయాడు. ఒక్కటీ తప్పు పోవడం లేదు.

"ఈ పిల్ల మావాళ్ళ పిల్లేనండి. ఇది ఎవరో నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు.

పిల్ల అప్పుడు తలెత్తి నన్ను చూసి నవ్వింది. నా దగ్గరికి వచ్చిన తర్వాత అది నవ్వడం మొదటిసారి. నెయ్యి వేసిన పప్పుకీ నవ్వలేదు, గౌను గుడ్డకీ నవ్వలేదు. ఎవరి మాసిన చొక్కానో పట్టుకుని నవ్వింది.

నేను దాన్ని రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

బుధవారం బొత్తాం కుట్టినప్పుడే కాలరు లోపల చూశాను. నల్లగా, రెండు గీతల మధ్య ఒక చుక్క. నల్లజీడి గింజ పాలతో చాకలివాళ్ళు వేసే గుర్తు, ఎన్ని ఉతుకులకీ పోదు. పిల్ల వేసేవన్నీ అవే. ఊళ్ళో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. శిలువ అనుకున్నదీ ఎవరో ఒకరి ఇంటి గుర్తే.

ఇంకెవరైనా మొదటి రోజే పోల్చేవాళ్ళు. నాకు ఎలా తెలుస్తుంది? మా గూడెం బట్టలు చాకలివాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. మా అమ్మ చౌడు తెచ్చి తనే ఉడకబెట్టి తనే ఉతికేది. ఎవరి బట్టలతోనూ కలవని బట్టలకి గుర్తు ఎందుకు? ఈయన యూనిఫారం మాత్రం లాండ్రీకి వేస్తారు. డబ్బులిచ్చే షాపులో అందరూ ఒకటే. ఆయనే ఇచ్చి ఆయనే తెచ్చుకుంటారు. కాలరు లోపల నేనెందుకు చూస్తాను?

బుధవారం నుంచి తెలుసు. తెలిసీ గౌను గుడ్డ కొన్నాను.

డిసెంబరు 18, ఆదివారం

చర్చిలో పాట నోట పలకలేదు. ఇంటికొచ్చి ఆయనకి అంతా చెప్పాను. ఎందుకు దాచావని అడుగుతారనుకున్నాను. అడగలేదు. పిల్ల వేసిన కాగితాలు తెమ్మన్నారు. గుర్తులు బాగా కనబడే మూడు కాగితాలు ఏరి, మడత పడకుండా అట్ట మధ్య పెట్టుకున్నారు.

విజయవాడ బస్టాండులో ఒకటి అవనిగడ్డ కండక్టరుకి, ఒకటి బందరు కండక్టరుకి, ఒకటి రేపల్లె కండక్టరుకి ఇస్తారట. వాళ్ళు బస్సులో వచ్చేపోయే వాళ్ళకి, క్యాంపుల్లో వాళ్ళకి చూపిస్తారు. ఊరి పేరు తెలియకపోతేనేం, ఆ గుర్తులు వేసినవాడు బతికుంటే చూడగానే తెలుసుకుంటాడు కదా అన్నారు.

"బతికి లేకపోతే?" అన్నాను.

"అప్పుడు మనం ఉన్నాం" అన్నారు.

అయ్యగారి దగ్గరికి నేనే వెళ్ళి, బాప్తిస్మం ఆపమని చెప్పాను. ఆయన సరేనన్నారు. నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు.

డిసెంబరు 19

కబురు లేదు.

డిసెంబరు 20

కబురు లేదు. ఎవరూ రాకపోతే బాగుండునని రాసి కొట్టేశాను. కొట్టేసినా కనబడుతూనే ఉంది.

డిసెంబరు 22

నిన్నటితో పీర్ల పండగ అయిపోయింది. పీర్ల కోసం కాగితం పని చేసే జానీబాషాగారు మిగిలిన రంగు కాగితాలన్నీ చుట్ట చుట్టి క్యాంపుకి తెచ్చి ఇచ్చారు. మీకు క్రిస్మస్ నక్షత్రాలకి పనికొస్తాయి కదమ్మా అన్నారు. అక్కడే కూర్చుని వెదురు బద్దలు ఎలా చీలిస్తే వేళ్ళు తెగవో పిల్లలకి చూపించారు. ఎనిమిది చక్రాల లారీ వాడు నక్షత్రానికి ఎనిమిది కొనలు పెట్టాడు. ఉండనివ్వమన్నాను.

ఎస్తేరు నక్షత్రానికి ఐదు కొనల మీదా ఐదు గుర్తులు పెట్టింది. నేను ఇప్పుడు ఆ గుర్తులని ఇళ్ళలాగా చూస్తున్నాను. ఒక్కొక్క గుర్తు వెనక వంట పొగ, పిల్లలు, మంచాలు. ఆ పిల్ల ఇన్నాళ్ళూ తన ఊరే వేస్తోంది. నేను ఇల్లు వెయ్యడం నేర్పాను దానికి.

డిసెంబరు 23, శుక్రవారం

వచ్చాడు.

సాయంత్రం ఆయన బస్సులోనే వచ్చాడు. అవనిగడ్డ కండక్టరు క్యాంపు పందిట్లోకి వెళ్ళి కాగితం చూపిస్తే, మూల కూర్చున్న మనిషి లేచి వచ్చి, ఇది మా ఊరండి అన్నాడట. చూసిన పొద్దే బయలుదేరాడు. టికెట్టు ఎవరూ కొట్టలేదు, రెండు బస్సుల్లోనూ.

పేరు పోతురాజు. పిల్ల తండ్రి. భార్య, చంటివాడు పోయారు. కూతురూ పోయిందనుకుని ముగ్గురికీ కలిపి నీళ్ళు వదిలేశాడు. పిల్ల పేరు నాంచారి.

నాంచారి వరండాలో రంగులు కలుపుతోంది. ఇతన్ని చూసి పరుగెత్తలేదు, ఏడవలేదు. వచ్చి ఒడిలో కూర్చుంది, ఎప్పుడూ కూర్చునే చోటు లాగా. అతనికే ఏడుపు ఆగలేదు. ఏం చేయాలో తెలియక అది వేసిన కాగితాలన్నీ తెచ్చి ముందు పెట్టాను. అతను కళ్ళు తుడుచుకుంటూ వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇది కరణంగారిది. ఇది కొట్టు సోమయ్యది. ఇది పెద్దకాపుగారిది. కొన్నిటి దగ్గర పేరు చెప్పి ఊరుకున్నాడు. కొన్నిటి దగ్గర, వీళ్ళలో ఒకడు మిగిలాడమ్మా అన్నాడు. కొక్కెం గుర్తు దగ్గరికి వచ్చి మునసబుగారిది అన్నాడు.

"కాదు నాన్నా, అది సాంబయ్య తాత వాళ్ళది" అంది నాంచారి.

పిల్ల మాట్లాడింది. గొంతు కాస్త బొంగురు. ఇన్నాళ్ళూ ఎలా ఉంటుందో అని అనుకునేదాన్ని. అతను మాత్రం అదేమీ వింత కానట్టు, అవునవును సాంబయ్యదే అని ఒప్పుకున్నాడు. రోజూ ఇంట్లో ఇలాగే దిద్దేదట.

ఆగలేక నేను శిలువ చూపించి, ఇది ఎవరిదండీ అని అడిగాను.

"అది గుడి పూజారిగారిదమ్మా" అన్నాడు.

మా ఆయన పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. అయ్యగారూ కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వేశారు. నాకూ నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

భోజనం సంగతి వచ్చేసరికి నేను నీళ్ళు నమిలాను. మా చేతి వంట తింటాడో లేదో అని హాస్టల్లో ఏర్పాటు చేస్తామన్నాను. పాప ఎక్కడ తింటోందమ్మా అని అడిగాడు. మా ఇంట్లో అన్నాను. అయితే నాకూ అక్కడే పెట్టండి అన్నాడు. పెట్టాను. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

డిసెంబరు 25. క్రిస్మస్

నక్షత్రాలన్నీ వరండాలో కట్టారు. ఎనిమిది కొనలది మధ్యలో ఉంది. తెల్ల గౌను కుట్టించి నాంచారికే వేశాను. బాప్తిస్మానికి కాదు, పండగకి. నాంచారీ అని పిలిచాను. మొదట నాలుక తిరగలేదు. మూడోసారికి అలవాటైంది.

ఆరాధన అయ్యాక నేనూ ఆయనా సమాధుల తోటకి వెళ్ళాం. ఏప్రిల్ తర్వాత నేను వెళ్ళలేదు. గడ్డి పీకి, పక్కనే కూర్చుని, ఎస్తేరూ అని పిలిచాను. ఎవరి పేరు వాళ్ళకి ఇచ్చేశాను. మనసు తేలికైంది. ఏడిస్తే ఏడ్చాను కానీ ఇది ఆ ఏడుపు కాదు.

డిసెంబరు 27, మంగళవారం

మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయారు. పొద్దున జరిగింది రాయాలి.

లేచేసరికి పోతురాజు మా దండెం మీది బట్టలు, మంచం మీది దుప్పట్లు మూట కట్టేశాడు. నా చీరలు కూడా ఉన్నాయి. వాగుకి వెళ్ళి వస్తానన్నాడు. నేను మూటకి అడ్డం పడ్డాను. వద్దు, మా వాళ్ళ బట్టలు మీరు ఉతకరు కదా అని నోరు జారాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అతనేమీ నొచ్చుకోలేదు. "నన్ను నీళ్ళలోంచి చెట్టు మీదకి లాగినవాడు ఎవడో, ఏ గూడెం వాడో నాకు ఈ రోజుకీ తెలవదమ్మా. నేను అడగలేదు, అతను చెప్పలేదు" అన్నాడు. మూట భుజానికెత్తుకుని, వెనక నాంచారిని నడిపించుకుని వెళ్ళాడు.

నేనూ వెనకాలే వెళ్ళి ఒడ్డున కూర్చున్నాను. నా బట్టలు ఇంకొకరు ఉతుకుతుంటే చూడటం నా జన్మలో అదే మొదలు. ఏం చేయాలో తోచక ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నాంచారి చిన్నవి జాడించింది. నీలిమందు తనే కలిపింది. తండ్రి వీపు మీద ఎండ పడుతోంది. అలా ఎంతసేపైనా చూడగలను అనిపించింది.

దండెం మీద ఆరేస్తుంటే అడిగాను, మా ఇంటికి గుర్తు వెయ్యవా పోతురాజూ అని. కావాలనే అడిగాను. ఏదో ఒక గీత, ఒక చుక్క, పిల్ల జ్ఞాపకంగా నా చీర కొస మీద ఉండాలని ఆశ.

అతను తడి చీర విదిలించి పరిచి, కొసలు లాగి సరిచేశాడు. తర్వాత చెప్పాడు.

"పది ఇళ్ళ బట్టలు కలిసిపోతాయని గుర్తు వేస్తామమ్మా. ఇప్పుడు నా మూటలో మీ ఇల్లొక్కటేగా."

  అతను పైన ఆరేస్తుంటే కింద అంచులు నేను పట్టుకున్నాను.

బస్సు ఎక్కించేటప్పుడు నాంచారికి మిగిలిన రంగు కాగితాలు, కుంచెలు కట్టి ఇచ్చాను. అవనిగడ్డ క్యాంపులో పిల్లలు ఉన్నారట, వాళ్ళకి బొమ్మలు వేయడం తనే నేర్పుతానంది. గంజి గుండిగ బాగా వేయగలనంది. ఆయన రెండు విజిళ్ళు వేశారు, బస్సు కదిలింది.

సాయంత్రం బట్టలు తీసి మడత పెట్టాను. ఇల్లు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందని రాయడానికి భయం వేయడం లేదు. ప్రభువా, ఆ పిల్ల నాది కాకపోయినా ఇరవై రోజులు నా చేతి అన్నం తినిపించావు, దాని తండ్రిని బతికించి ఉంచావు, నా నోటితో నిజం చెప్పించావు. స్తోత్రం. రేపు మధ్యాహ్నం క్లాసు ఉంది. తుమ్మబంక అయిపోయింది, నానబెట్టాలి.